తడిగుడ్డ ఎక్కడ ఆగాలి?

మా నాయనమ్మకి రెండు విషయాల్లో ఎవరి మాటా చెల్లేది కాదు. నడుంనొప్పి, మెడ పట్టేయడం, పడిశం లాంటివి వస్తే ఇంట్లోనే చూసుకోవాలి. పెనం మీద కల్లుప్పు వేయించి, పాతచీర ముక్కలో మూటకట్టి కాపడం పెట్టేది. వావిలాకు మరిగించి, నెత్తిన దుప్పటి కప్పి ఆవిరి పట్టించేది. అదే ఎవరికైనా ఒళ్లు వెచ్చబడిందంటే చాలు, ఆవిడ వేరే మనిషైపోయేది. "రక్తం చూపించారా?" అని ఒకటే అడగడం. జ్వరం ఉన్నవాళ్ల నుదుటి మీద తడిగుడ్డ వేయనిచ్చేది కాదు. ఒకసారి సినిమాలో చూసి నేనే తడి కర్చీఫ్ వేసుకుని పడుకుంటే, లాగి వాకిట్లోకి విసిరేసింది. చాదస్తం అనుకున్నాను.

మాది ములకలపల్లి. పాల్వంచకీ దమ్మపేటకీ మధ్య, అడవి అంచు. ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా, నా చిన్నప్పుడు ఖమ్మం. తాతయ్య భీమవరం దగ్గరి పల్లె నుంచి తునికాకు కల్లంలో గుమాస్తాగా వచ్చి, తర్వాత కిరాణా కొట్టు పెట్టుకుని ఇక్కడే ఉండిపోయాడు. ఈ సంక్రాంతికి ఇంటికి సున్నం వేయిస్తూ అటక మీది ట్రంకుపెట్టె దించాం. అందులో ఆయన చిట్టా పుస్తకాలు, వాటి కింద అట్టలేని ఒక తెలుగు పుస్తకం. సగం చెదలు తినేశాయి. మిగిలిన పేజీల్లో లూయీ కూనే అనే పేరు, తొట్టిలో నడుం దాకా నీళ్లలో కూర్చున్న మనిషి బొమ్మ, తొట్టిస్నానం ఎలా చేయాలో వివరాలు. నాన్నకి చూపిస్తే చేతిలోకి తీసుకోలేదు. "పెట్టెలో పెట్టెయ్" అన్నాడు.

ఎందుకన్నాడో ఆ రాత్రి భోజనాలయ్యాక చెప్పాడు. ఆ సంగతి తర్వాత చెప్తాను. ముందు జర్మనీలో పుట్టిన తొట్టి ములకలపల్లి అటక మీదికి ఎలా ఎక్కిందో చూడాలి. ఎందుకంటే తాతయ్యని మూర్ఖుడని తీసిపారేయడం తేలిక, అది నిజం కాదు.

* * *

యూరప్‌లో నీటివైద్యానికి కొత్త ఊపు తెచ్చినవాడు డాక్టరు కాదు, రైతుబిడ్డ. ఆస్ట్రియా ఏలుబడిలోని సైలీషియాలో, గ్రాఫెన్‌బర్గ్ అనే కొండపల్లెలో 1799లో పుట్టిన విన్సెంట్ ప్రీస్‌నిట్జ్. కుర్రతనంలో బండి కింద పడి పక్కటెముకలు విరిగితే, తడిగుడ్డలు చుట్టుకుని తనే నయం చేసుకున్నాడని అతని కథ. ఆ తర్వాత ఆ పల్లెకి రాజకుటుంబాల వాళ్లు కూడా వరస కట్టారు. అతని తర్వాత బవేరియాలో సెబాస్టియన్ క్నైప్ అనే చర్చి ఫాదరు 1886లో తన నీటివైద్యం మీద పుస్తకం రాశాడు. లైప్‌జిగ్‌లో లూయీ కూనే 1883లో వైద్యశాల తెరిచాడు. అమెరికాలో జాన్ హార్వే కెల్లాగ్, అవును, కార్న్‌ఫ్లేక్స్ కెల్లాగే, 1901లో ఇదే విషయం మీద పెద్ద గ్రంథం వేశాడు.

వీళ్లందరిలో మనకి దగ్గరైనవాడు కూనే. అతని పుస్తకాన్ని ద్రోణంరాజు వెంకటచలపతి శర్మ 1894లో తెలుగు చేశారు. భారతదేశంలో ప్రకృతి చికిత్స ఉద్యమం ఆ తెలుగు అనువాదంతోనే మొదలైందని ఆ రంగం వాళ్లు తమ చరిత్ర చెప్పుకునేటప్పుడు రాసుకుంటారు. హిందీ, ఉర్దూ అనువాదాలు దానికి పదేళ్ల తర్వాత, 1904లో వచ్చాయి. గాంధీ కంటే ముందు, ఉత్తరాది కంటే ముందు, తెలుగువాళ్లు తొట్టిలో కూర్చున్నారన్నమాట.

కూనే ఏం చెప్పాడు? రోగాలు వేర్వేరు కావు, ఉన్నది ఒకటే రోగం. ఒంట్లో పేరుకున్న మలినం పొట్టలో పులిసి, పైకి ఎగదన్ని, ఎక్కడ ఆగితే అక్కడ ఒక పేరు పెట్టుకుంటుంది. తలలో ఆగితే తలనొప్పి, ఛాతీలో ఆగితే దగ్గు. కాబట్టి మందూ ఒకటే: ఆవిరిస్నానంతో చెమట పట్టించు, చల్లటి నీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి పొత్తికడుపు ముతకగుడ్డతో రుద్దు, తేలికైన శాకాహారం పెట్టు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నవాడికి ఇలాంటి సిద్ధాంతం మీద వెంటనే అనుమానం వస్తుంది. అన్ని బగ్గులకీ ఒకటే కారణం అని ఎవరైనా మీటింగులో అంటే, అతను ఇంకా లాగ్‌లు చూడలేదని అర్థం. కానీ 1894లో ఆ మాట విన్నవాడి వైపు నుంచి చూడండి. పెనిసిలిన్ కనిపెట్టడానికి ఇంకా 34 ఏళ్లుంది. పాదరసం కలిసిన విరేచనాల మందు అప్పటికీ డాక్టర్లు రాస్తూనే ఉన్నారు. ఆసుపత్రి జిల్లా కేంద్రంలో, రోగి పల్లెలో. అలాంటప్పుడు ఒకడు వచ్చి పాదరసం మింగొద్దు, శుభ్రమైన నీళ్లతో స్నానం చెయ్యి, తేలిగ్గా తిను, పడుకో అంటే, ఆ సలహా చాలా రోగాల్లో డాక్టరు సలహా కంటే తక్కువ హాని చేసి ఉంటుంది. నమ్మినవాళ్లు తెలివితక్కువ వాళ్లు కారు. చేతిలో ఉన్నవాటిలో మెరుగైనదాన్ని ఎంచుకున్నారు.

పైగా నీళ్ల వైద్యం మనకి కొత్తేం కాదు. చెమట పట్టించే పద్ధతులు పదమూడని చరకసంహిత లెక్కపెట్టింది. మా వైపు అయితే వేణ్ణీళ్లు భూమే ఇస్తుంది. భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఒడ్డున ఇసుక తవ్వితే వేడినీళ్లు ఊరతాయి. త్రిమూర్తులు చలికాలంలో స్నానం చేసిన చోటని చెప్పుకుంటారు. 2014లో ముంపు పేరుతో మండలాలు చీల్చినప్పుడు భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయి గుండాల ఆంధ్రప్రదేశ్‌కి వెళ్లింది. నీళ్ల వేడి మాత్రం తగ్గలేదు. మణుగూరు దగ్గర పగిడేరులో బొగ్గు కోసం బోరు వేస్తే వేడినీళ్లు వాటంతటవే పైకొచ్చాయి, సింగరేణి వాళ్లు ఆ వేడితో 20 కిలోవాట్ల చిన్న విద్యుత్ కేంద్రం కూడా పెట్టారు. ఇలాంటి నేల మీద బతికేవాడికి నీటిలో మందుందని ఒకరు చెప్పాలా?

* * *

కూనే అనువాదానికి అటూ ఇటూ ఇంకో రెండు సంగతులు జరిగాయి. మూడూ కలిపి చూస్తేనే నాకు ఆ దశాబ్దం అర్థమైంది.

1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ పచ్చటి లేపనం మీద వచ్చిన డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రిక, 1924లో భారతి పుట్టాయి. ఆధునిక తెలుగు సాహిత్యానికి పెట్టుబడి తలనొప్పి నుంచి వచ్చిందంటే అతిశయోక్తి కాదు.

1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు ఒక దోమని కోసి, దాని పొట్టగోడలో మలేరియా క్రిమిని చూశాడు. ఆ పనికి 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ బంగళా ఇప్పటికీ బేగంపేటలో ఉంది.

నాలుగేళ్ల వ్యవధిలో, తెలుగువాళ్ల చేతులమీదుగానో తెలుగు నేల మీదనో, మూడు దారులు తెరుచుకున్నాయి. బామ్ నొప్పి తగ్గిస్తానంది, అంతకు మించి మాట ఇవ్వలేదు. తొట్టి అన్ని రోగాలూ ఒకటేనంది. దోమ మాత్రం, కాదు, ఈ జ్వరానికి ఈ క్రిమి, అది ఇలా వస్తుంది, అని వేలు పెట్టి చూపించింది. మొదటి రెండూ పల్లెలకి చేరినంత వేగంగా మూడోది చేరలేదు. బామ్ సీసా కొనుక్కోవచ్చు, తొట్టి ఎవరి దగ్గరైనా ఉంటుంది. మైక్రోస్కోప్ ఉండదు.

తొట్టి దారి తెలుగునాట బాగానే సాగింది. భీమవరంలో వేగిరాజు కృష్ణంరాజు ప్రకృతి చికిత్సాలయం నడిపారు. తాతయ్యకి ఈ పిచ్చి ఆ వైపు నుంచే పట్టిందంటాడు నాన్న. హైదరాబాదులో 1949లో ప్రకృతి చికిత్సాలయం వచ్చింది. 1970లో దాని పక్కనే కాలేజీ పెట్టి డాక్టర్లని తయారుచేయడం మొదలుపెట్టారు. అది అమీర్‌పేటలో ఉంది. ఇంజనీరింగ్ అయిపోయాక జావా కోర్సు కోసం నేను రోజూ ఆ పక్కనుంచే వెళ్లేవాడిని. రాస్ బంగళా అక్కడికి ఎంతో దూరం లేదు. రెండూ ఏమిటో అప్పట్లో తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు.

* * *

ఈ కథలో గాంధీని తప్పించుకుని వెళ్లలేం. 1902లో బొంబాయిలో ఆయన రెండో కొడుకు మణిలాల్‌కి టైఫాయిడ్, దానికి తోడు న్యుమోనియా. పదేళ్ల పిల్లాడు. డాక్టరు గుడ్లూ, కోడిరసం పెట్టమన్నాడు. గాంధీ ఒప్పుకోలేదు. కూనే చెప్పిన తొట్టిస్నానాలు చేయించి, నీళ్లు కలిపిన నారింజరసం మీద ఉంచాడు. జ్వరం 104 డిగ్రీల దగ్గర నిలబడిపోయింది. ఒక రాత్రి తడిదుప్పటి పిండి పిల్లాడికి చుట్టబెట్టి, పైన కంబళ్లు కప్పి, భయంతో వీధుల్లో నడవడానికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి పిల్లాడికి చెమట పట్టింది. జ్వరం దిగింది. మణిలాల్ బతికాడు.

ఆత్మకథలో ఈ ఘట్టం చదివి ఎంతమంది తండ్రులు తడిదుప్పటి పిండి ఉంటారో! కానీ అదే అధ్యాయం చివర గాంధీ ఒక అనుమానాన్ని దాచకుండా పెట్టాడు. కొడుకు నీటివైద్యం వల్ల బతికాడా, దేవుడి దయవల్లా, జాగ్రత్తగా చూసుకున్నందువల్లా అనేది ఎవరు చెప్పగలరు, అనే అర్థం వచ్చే మాట అది. తన వరకు దేవుడే కాపాడాడనుకున్నాడు. జనం తడిదుప్పటిని గుర్తుపెట్టుకున్నారు, ప్రశ్నని వదిలేశారు.

గాంధీ కథలోనే ఇంకో ఘట్టం ఉంది, అది ప్రకృతి చికిత్స పుస్తకాల్లో పెద్దగా కనబడదు. 1942లో ఆగాఖాన్ ప్యాలెస్ నిర్బంధంలో ఆయన ఆరోగ్యం మీద చిన్న పుస్తకం రాశాడు. నీటి గురించిన అధ్యాయంలో కూనే తొట్టి ఉంది. 1944 ఫిబ్రవరిలో అక్కడే కస్తూర్బా పోయింది. ఆ తర్వాత ఆరు వారాలకి ఆయనకి మలేరియా వచ్చింది. జ్వరం 105కి ఎక్కింది, సంధి మాటలు వచ్చాయి. మొదట పండ్లరసం, ఉపవాసం చాలన్నాడు. రెండు రోజులు చూసి మొండిపట్టు వదిలాడు. రెండు రోజుల్లో మొత్తం 33 గ్రెయిన్ల క్వినైన్ మింగాడు, అంటే రెండు గ్రాముల పైచిలుకు. జ్వరం పోయింది.

మరుసటి ఏడు నవంబరు 18న ఆయన అఖిల భారత ప్రకృతి చికిత్స ఫౌండేషన్ ట్రస్టుకి అధ్యక్షుడయ్యాడు, ఇప్పుడు ఆ తేదీనే ప్రకృతి చికిత్స దినంగా జరుపుతున్నారు. 1946 మార్చిలో ఉరుళీకాంచన్‌లో పల్లె జనం కోసం చికిత్స మొదలుపెట్టాడు. నమ్మకం వదులుకోలేదు, అవసరమైన రోజున మాత్ర మింగాడు. ఈ రెండో సగం తాతయ్య పుస్తకంలో లేదు.

* * *

1976లో మా మేనత్తకి తొమ్మిదేళ్లు. నాన్నకి పద్నాలుగు. వానాకాలం చివర ఆ పిల్లకి జ్వరం వచ్చింది.

ఆ ఏడాది గురించి దేశమంతటి లెక్క ఒకటి చెప్పాలి. మలేరియా నిర్మూలన కార్యక్రమం 1958లో మొదలయ్యాక, 1961 నాటికి కేసులు ఏడాదికి 50 వేల దాకా పడిపోయాయి. ఇక అయిపోయిందనుకున్నారు. 1976లో 64 లక్షల కేసులు నమోదయ్యాయి. మా అడవి దానికి మినహాయింపు కాదు.

మలేరియా వర్కరు ఇంటికొచ్చి, వేలు గుచ్చి గాజుపలక మీద రక్తం తీసుకుని, తెల్లమాత్రలు ఇచ్చి వెళ్లాడు. అప్పటి పద్ధతి అది, ఫలితం వచ్చేలోపే క్లోరోక్విన్ ఇచ్చేవారు. తాతయ్య వాటిని గూట్లో పెట్టాడు. ఒంట్లో మలినాన్ని మందుతో అణిచేస్తే లోపలే ఉండిపోతుందని ఆయన నమ్మకం. సిమెంటు తొట్టి నింపించాడు. పొత్తికడుపు మీద తడిగుడ్డ, ఒంటికి తడిదుప్పటి, నిమ్మరసం.

ఆ ట్రంకుపెట్టెలో చిట్టా పుస్తకాలున్నాయని చెప్పాను కదా. నాన్న చెప్పిన రాత్రి నిద్రపట్టక ఆ ఏడాది చిట్టా వెతికాను. ఉప్పు, చింతపండు, బీడీకట్టల లెక్కల మధ్య ఆయన కూతురి జ్వరం కూడా రాసుకున్నాడు. "స్నానం. చెమట. జ్వరం దిగింది." మర్నాడు ఏమీ లేదు. ఆ మర్నాడు, "మధ్యాహ్నం చలి. జ్వరం. సాయంత్రం స్నానం. చెమట. దిగింది." మళ్లీ ఒకరోజు ఖాళీ. మళ్లీ చలి, జ్వరం, స్నానం, చెమట, దిగింది. ఆ తర్వాత పదకొండు పేజీలు ఖాళీ.

లాగ్‌లు చదవడం నా ఉద్యోగం. అందులో ఉన్నది నాకు వెంటనే కనపడింది. రోజు విడిచి రోజు. మలేరియా క్రిమి రక్తకణాల్లో పెరిగి, 48 గంటలకోసారి వాటిని పగలగొట్టుకుని బయటికొస్తుంది. అప్పుడు చలి, ఆ వెంటే జ్వరం. కొన్ని గంటల తర్వాత చెమట పట్టి జ్వరం దానంతట అదే దిగుతుంది. స్నానం చేయించినా దిగుతుంది, చేయించకపోయినా దిగుతుంది. తాతయ్య ప్రతిసారీ అది దిగే వేళకే నీళ్లు పెట్టాడు. ప్రతిసారీ నీళ్లు గెలిచినట్టే కనపడింది. ఆయన అబద్ధం రాయలేదు, కళ్లతో చూసిందే రాశాడు. అంత నిజాయితీగా రాసుకున్న లెక్కలోనే రోగం తన పేరు చెప్పింది, ఆ పేరు చదవడం ఆయనకి రాలేదు. ఎనభై ఏళ్ల ముందు సికింద్రాబాదులో తెలిసిన సంగతి అది.

నాలుగోసారి జ్వరంతో పాటు ఫిట్స్ వచ్చాయి. పాల్వంచ దారిలో బండిలోనే పోయిందట.

నాన్న ఇంకొక్క మాట చెప్పాడు. "మీ తాత ఆ మాత్రలు పారెయ్యలేదురా. నెలరోజుల తర్వాత నాకు జ్వరం వస్తే, ఆయనే గూట్లోంచి తీసి నా నోట్లో వేశాడు." పుస్తకాన్ని కూడా పారెయ్యలేదు, పెట్టె అడుగున పెట్టాడు. నాయనమ్మ ఆ తొట్టిని మాత్రం పగలగొట్టించింది.

* * *

ఇప్పుడు ఆవిడ చాదస్తం నాకు చరిత్రలా కనపడుతోంది. పుస్తకం రాసినవాళ్లెవరూ చేయని పని ఆవిడ చేసింది. నీళ్లు ఎక్కడిదాకా పనిచేస్తాయో అక్కడ గీత గీసింది. ఆ గీత ఇవాళ్టి పరిశోధనలకి దాదాపు సరిపోతుంది.

నడుంనొప్పికి వేడి కాపడం కొంతకాలం ఉపశమనం ఇస్తుందని ప్రయోగాలున్నాయి. వేడికి రక్తనాళాలు విచ్చుకుంటాయి, బిగిసిన కండ సడలుతుంది, వేడి తాకిడి నొప్పి కబురుని దారిలోనే కొంత తగ్గిస్తుంది. మెల్జాక్, వాల్ అనే ఇద్దరు 1965లో ప్రతిపాదించిన నొప్పి సిద్ధాంతం ఈ రెండోదాన్ని వివరించడానికి పనికొస్తుంది. కొత్తగా బెణికి వాచిన చోట మాత్రం వేడి వద్దు, చల్లదనం మేలు. తలబరువుగా ఉన్నప్పుడు కాళ్లు వేణ్ణీళ్లలో పెట్టి నుదుటి మీద చల్లగుడ్డ వేసుకోవడం కెల్లాగ్ రోజుల నాటి చిట్కా, హాయిగా ఉంటుంది. షుగరు వల్ల కాళ్లు మొద్దుబారినవాళ్లకి అది ప్రమాదం, కాలుతున్నా తెలియదు.

ఆవిరి సంగతి కాస్త వేరు. పడిశానికి వెచ్చని తేమగాలి మీద జరిగిన ఆరు ప్రయోగాలని 2017లో కాక్రేన్ సమీక్ష కలిపి చూసింది. కచ్చితమైన లాభం తేలలేదు. పట్టినంతసేపు ముక్కు తేలికైనట్టు ఉంటుంది, అంతే. అమృతాంజనం, పుదీనా పువ్వు వాసన చూసినప్పుడు ముక్కు తెరుచుకున్నట్టుంటుందే, అదీ ఇలాంటిదే. మెంథాల్ చల్లదనాన్ని పసిగట్టే నరాలని తడుతుంది, గాలి ఎక్కువ ఆడుతున్నట్టు అనిపిస్తుంది, దారి మాత్రం వెడల్పు కాదు. ఉపశమనం అబద్ధం కాదు, నయం కావడం వేరు. ఇక మరిగే గిన్నె పిల్లల ఒళ్లో ఒలికితే పడిశం కంటే పెద్ద కష్టం. నాయనమ్మ గిన్నెని ఎప్పుడూ నేల మీదే పెట్టేది, పిల్లల్ని దుప్పట్లో ఒంటరిగా వదిలేది కాదు.

2021 మే నెలలో ఆ గీత ఎంత ముఖ్యమో మా ఇంట్లోనే చూశాం. అమ్మకి కోవిడ్. నేను హైదరాబాదులో, వాళ్లు ఊళ్లో. వాట్సాప్ నిండా ఆవిరి వీడియోలు. నేనే అరడజను పంపాను. అమ్మ రోజుకి మూడుసార్లు పట్టింది, ప్రతిసారీ "తేలికగా ఉందిరా" అంది. ఐదో రోజు రాత్రి ఆక్సిమీటర్‌లో 91 చూపించింది. ఇంకోసారి ఆవిరి పట్టి మళ్లీ చూడమని ఫోన్‌లో చెప్పాను. అటువైపు నాన్న ఒక్క నిమిషం మాట్లాడలేదు.

"ఆవిరి వద్దు, ఏం వద్దు. కారు పిలిచాను" అని పెట్టేశాడు.

అమ్మ తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చింది. ఆ నిమిషం మౌనంలో నాన్న ఏం చూశాడో ఈ సంక్రాంతికి గానీ నాకు తెలియలేదు. ఇంజనీరింగ్ చదివిన నేను తాతయ్య చేసిన పనే చేశాను, తొట్టి బదులు స్టీమరు, అంతే తేడా.

పుస్తకాన్ని హైదరాబాదు తెచ్చుకున్నాను, చిట్టాతో సహా. బయల్దేరే రోజు పొద్దున నాన్న మోకాలికి ఉప్పుమూట కాపడం పెట్టుకుంటూ కూర్చున్నాడు. నా బ్యాగులో రెండూ చూసి, "పక్కపక్కనే పెట్టు. ఆ పుస్తకం ఒక్కటే ఎవరికీ ఇవ్వకు" అన్నాడు.